స్టారుకు మూడో పొడిగింపు

నా కుర్చీలో ఇప్పుడు సింధూజ కూర్చుంటోంది. వరంగల్ అమ్మాయి. ఇక్కడే సింగపూర్‌లో ఒక బ్యాంకులో ఆరేళ్ళు పనిచేసి, విసుగుపుట్టి, ఆటగాళ్ళ మధ్య పనైతే సరదాగా ఉంటుందని మా ఫుట్‌బాల్ క్లబ్బులో చేరింది. సరదా ఎంతో మొదటి నెలలోనే తెలిసిపోయింది. అప్పటినుంచి రెండు వారాలకొకసారి చోవా చూ కాంగ్‌లో మా బ్లాక్ కింద ఉన్న కాఫీ షాపుకి వచ్చి, నాకొక కోపీ, అంటే ఇక్కడి కాఫీ, ఇప్పించి, దానికి పదింతలు విలువైన సలహా పిండుకుని పోతుంది.

కిందటిసారి ఫోన్‌లో ఒక వార్త చూపించింది. అమెరికా ఫుట్‌బాల్ జట్టు ఒకటి తన క్వార్టర్‌బ్యాక్‌కి కాంట్రాక్టు పొడిగించిందట. ఇంతకుముందు ఎవరికీ ఇవ్వనంత సొమ్మట. పోయినసారి ఇంకో జట్టు ఇంకొకడికి ఇచ్చినప్పుడూ ఇదే మాట రాశారట.

"అంకుల్, ఒక్క మనిషికి గిన్ని పైసలా? రేపు ఇంకొకడొచ్చి, నాకు గంతకంటె ఎక్కువ గావాలె అంటడు. దీనికి అంతమెక్కడ? మీరైతే ఇస్తరా?" అని అడిగింది.

ఆ ఆట నాకు తెలియదు. టీవీలో చూసినప్పుడల్లా ఆట ఆగగానే అయిపోయిందనుకుని లేస్తాను, మళ్ళీ మొదలవుతుంది. క్వార్టర్‌బ్యాక్ అంటే ఎవరో మాత్రం తెలుసు. బంతి ముందు అతని చేతికే వస్తుంది. అతను ఎటు విసిరితే ఆట అటు పోతుంది. మనం కాళ్ళతో ఆడే ఫుట్‌బాల్‌లోనూ అలాంటివాళ్ళుంటారు. మా క్లబ్బులో ఒకడుండేవాడు. అతని కాంట్రాక్టు నేను మూడుసార్లు పొడిగించాను. మొదటిసారి మంచిపని చేశాను. రెండోసారి వెధవనయ్యాను. మూడోసారి చేసినదాన్ని తెలివి అనాలో కొంటెతనం అనాలో మీరే తేల్చండి.

సింధూజకి ఆ పూట సగం చెప్పేసరికి ఆమెకి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. మొత్తం కథ ఒకచోట ఉంటే ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి కూడా అక్కరకొస్తుందని ఇలా రాస్తున్నాను.

బేరం కాదు, వినడం

నా పేరు అప్పలనాయుడు. పుట్టింది మలేషియాలో, కొబ్బరితోటల మధ్య ఒక చిన్న ఊళ్ళో. మా తాతలది శ్రీకాకుళం వైపు. పాతికేళ్ళ వయసులో పని వెతుక్కుంటూ సింగపూర్ దిగాను. ఒకటి రెండు ఆఫీసులు మారి, చివరికి ఈ క్లబ్బులో ఆటగాళ్ళ కాంట్రాక్టులు చూసే పనిలో స్థిరపడ్డాను. క్లబ్బు పేరు రాయను. పడమటి వైపు ఒక చిన్న క్లబ్బు అనుకోండి. స్టేడియం నిండిన రోజులు నా సర్వీసులో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. వాటిలో రెండు రోజులు ఉచిత ప్రవేశం.

మాది బేరమాడే పని అని బయటివాళ్ళు అనుకుంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకుని, బజార్లో చేపలు కొనేవాడిలా మొహం పెట్టుకుని కూర్చునేవాణ్ణి. నిజానికి ఇది చెవులతో చేసే పని. ఆటగాడు వచ్చి "జీతం చాలడం లేదు" అంటాడు. కోచ్ తనతో మాట్లాడడం మానేశాడని దాని అర్థం కావచ్చు. పక్కవాడికి తనకన్నా ఎక్కువ ఇస్తున్నారని తెలిసి ఉండొచ్చు. భార్యకి ఈ ఊరు నచ్చలేదేమో. ఒక్కోసారి నిజంగానే జీతం చాలకపోవచ్చు కూడా. ఏదో తెలుసుకోకుండా అంకె చెప్పేవాడు జబ్బేమిటో అడక్కుండా మందు రాసే వైద్యుడితో సమానం. నేనలా చాలామందికి రాశాను.

మా ఛైర్మన్ మిస్టర్ ఓంగ్ ఓడల విడిభాగాల వ్యాపారి. ఒక్క బోల్టు ధర దగ్గర సరఫరాదారుణ్ణి అరపూట ఏడిపించగలడు. అదే మనిషి, మావాళ్ళు గోల్ కొడితే పక్కనున్నవాడు ఎవరని చూడకుండా కౌగిలించుకుంటాడు. ఒకసారి ఆ పక్కనున్నవాడు అవతలి జట్టు ఛైర్మన్. అలాంటి మనిషి దగ్గర ఉన్నది ఉన్నట్టు చెప్పే ఉద్యోగి ఒకడుండాలి. నేను అన్నిసార్లూ అలా ఉండలేదు. ఇప్పుడు చెప్పబోయేది అదే.

పరుగెత్తనివాడు

ఇలియా తూర్పు ఐరోపా నుంచి వచ్చాడు. వయసు ఇరవై ఎనిమిది. సన్నగా, కాస్త బట్టతలతో, ఇన్సూరెన్సు అమ్మడానికి వచ్చినవాడిలా ఉన్నాడు. మొదటిరోజు ప్రాక్టీసులో అందరూ పరుగెడుతుంటే అతను మధ్యలో నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు. ఏజెంటు మనకి టోపీ పెట్టాడని మిస్టర్ ఓంగ్ చెవిలో చెప్పాను.

పావుగంట తర్వాత ఇలియాకి బంతి అందింది. తల ఎత్తకుండానే మైదానం అవతలి అంచుకి వేశాడు. అక్కడ ఎవరూ లేరు. నేను నవ్వబోయేలోగా మా కుర్రాడొకడు సరిగ్గా అక్కడికి చేరుకున్నాడు. బంతి వాడి కాలి ముందే ఆగింది. తనకే అర్థంకాక వాడు షూట్ చేయడం మర్చిపోయాడు.

ఆ ఏడాది, అంతకుముందు రెండేళ్ళుగా గోల్ కొట్టనివాళ్ళు కూడా కొట్టారు. వెనక మా గోల్‌కీపర్ జుల్ బంతుల్ని ఆపేవాడు. ఆపినదాన్ని నేరుగా ఇలియా కాళ్ళ దగ్గరికి విసిరేవాడు. ఇలియా దాన్ని ముందుకి పంపేవాడు. అప్పట్లో మాకు కనిపించింది ఆ చివరి పనే. పట్టికలో కిందనుంచి రెండో చోట ఉండే మేము పైనుంచి రెండో చోటికి వచ్చాం.

ఇలియాకి మేమిచ్చేది చాలా తక్కువ. ఆ సంగతి అతనికి ఇంకా తెలియదు. తెలిసేలోపే పిలిచి జీతం రెట్టింపు చేసి, ఇంకో రెండేళ్ళకి కాంట్రాక్టు పొడిగించాం. అతను కాగితం రెండుసార్లు చదివి, "ఇందులో ఏదైనా తిరకాసు ఉందా?" అని అడిగాడు. లేదన్నాను. ఆ సంతోషంతో ఏడాదంతా ఆడాడు. అడక్కముందే ఇచ్చిన పెంపు అడిగాక ఇచ్చినదానికన్నా ఎక్కువకాలం నిలుస్తుంది. ఇది నేను సరిగ్గా చేసిన పని. ఇలాంటివి ఎక్కువ లేవు కాబట్టి గర్వంగా రాసుకుంటున్నాను.

వేళ్ళు చూపించినవాడు

రెండో ఏడాది సగంలో ఒక ఆదివారం ఆంగ్ మో కియోలో తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌కి వెళ్ళాను. మూలనున్న బల్ల దగ్గర ఇలియా కనిపించాడు. ఎదురుగా రేమండ్. రేమండ్ మా పోటీ క్లబ్బులో నాలాంటి పనే చేస్తాడు. ఇద్దరూ తలలు దగ్గరపెట్టి ఫోన్‌లో ఏదో చూస్తున్నారు. రేమండ్ నాలుగు వేళ్ళు చూపించాడు. ఇలియా తల అడ్డంగా ఊపాడు. రేమండ్ కాసేపు ఆలోచించి మూడు వేళ్ళు చూపించాడు. ఇలియా నవ్వి చేయి కలిపాడు.

నేను చెరకురసం బండి వెనక నక్కి ఇదంతా చూశాను. నాలుగు నుంచి మూడుకి దిగితే ఇలియా ఎందుకు నవ్వాడన్న ప్రశ్న ఒక్కసారి బుర్రలో మెదిలింది. ఏళ్ళ సంఖ్య అయి ఉంటుందని, తక్కువ ఏళ్ళకి కట్టుబడడం అతనికి ఇష్టమేమోనని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను. భయపడిన మనిషి దగ్గర ప్రతి ప్రశ్నకీ ఒక జవాబుంటుంది. అది ఎప్పుడూ తప్పు జవాబే.

అక్కడినుంచే మిస్టర్ ఓంగ్‌కి ఫోన్ చేశాను.

"ఇలియా పోతున్నాడు సార్. రేమండ్‌తో చేయి కలపడం నా కళ్ళతో చూశాను."

"ఎంత ఇస్తానన్నాడు?"

"తెలియదు. వేళ్ళు చూపించాడు."

"ఎన్ని వేళ్ళు?"

"ముందు నాలుగు, తర్వాత మూడు."

ఈ ఊళ్ళో చాలామందిలాగే ఆయనా మాట చివర 'లా' తగిలిస్తాడు. "నాయుడూ, వాడు పోతే నా ఫేస్, నా పరువు ఏమవుతుంది లా? రేపే పిలువు. ఎంతైనా సరే."

ఎంతైనా సరే అన్న మాటతో బేరానికి వెళ్ళకూడదని మీకు నేను చెప్పాలా? ఆ రోజు నాకు ఎవరూ చెప్పలేదు.

సోమవారం ఇలియాని పిలిచి, ఇంకా ఏడాది మిగిలున్న కాంట్రాక్టు చించేసి, కొత్త అంకె చెప్పాను. అతను కళ్ళు పెద్దవి చేసి నన్నే చూస్తూ ఊరుకున్నాడు. బెట్టు చేస్తున్నాడనుకుని ఇంకొంచెం పెంచాను. అతను గోడకున్న క్యాలెండర్ వైపు చూశాడు. ఇంకొంచెం పెంచాను. ఈసారి అతని నోరు తెరుచుకుంది కానీ మాట రాలేదు. మూడోసారి పెంచాను. అప్పుడు లేచి, నా చేతిని రెండు చేతులతో పట్టుకుని, "మిస్టర్ నాయుడు, మీకు ఒంట్లో బాగుందా?" అన్నాడు. ఎంత గట్టివాడు, చివరిదాకా తొణకలేదు అనుకున్నాను.

నాలుగు నెలల తర్వాత ఇలియా, అతని భార్య వేరా మమ్మల్ని భోజనానికి పిలిచారు. నేనూ మా ఆవిడ సరోజా వెళ్ళాం. వంటింట్లో మంచి వాషింగ్ మెషీను ఉంటే సరోజ ఎక్కడ కొన్నారని అడిగింది.

"రేమండ్ దగ్గర" అంది వేరా. "అప్పుడు వాళ్ళు ఇల్లు మారుతున్నారు కదా. నాలుగు వందలన్నాడు. ఇలియా మూడు వందలకి దింపాడు."

చెంచా కింద పెట్టాను. "ఆ రోజు ఆంగ్ మో కియోలో మీరు మాట్లాడింది దీని గురించేనా?" అని ఇలియాని అడిగాను.

"మీరు చూశారా? మరి వచ్చి కూర్చోవాల్సింది. రేమండ్ మీ గురించే అడిగాడు. మన క్లబ్బులో తనకేదైనా ఖాళీ ఉందేమో కనుక్కోమన్నాడు."

రైల్లో వస్తూ సరోజకి జరిగిందంతా చెప్పాను. ఆమె రెండు స్టేషన్లదాకా నవ్వు ఆపుకోలేకపోయింది. "బాగుందండీ! ఆళ్ళు బట్టలు ఉతుక్కుంటే మీరు క్లబ్బు ఖజానా ఉతికీసినారు" అంది.

మిస్టర్ ఓంగ్‌కి ఈ సంగతి వెంటనే చెప్పలేదు. మూడేళ్ళ తర్వాత, ఆయన మనవరాలి పుట్టినరోజు నాడు, చుట్టూ పదిమంది ఉండగా చెప్పాను. పదిమందిలో తిట్టలేడని.

ఎక్కడైనా దొరుకుతారు

ఇంతవరకూ నవ్వొచ్చే కథ. ఇప్పుడు నవ్వురాని భాగం చెబుతాను.

ఇలియా రెండో పొడిగింపు మీద సంతకం పెట్టిన రెండు వారాలకి గోల్‌కీపర్ జుల్ నా గదికి వచ్చాడు. ఏడేళ్ళుగా మా దగ్గరే ఉన్నాడు. అంతకుముందెప్పుడూ పెంపు అడగలేదు. ఆ రోజు అడిగింది కూడా కొంచెమే. మొహమాటంగా కుర్చీ అంచున కూర్చుని అడిగాడు. ఇలియాకి పెంచిన దానిలో పదోవంతు కూడా కాదు. కానీ ఆ పదోవంతు కూడా నా దగ్గర లేదు.

లేదని చెప్తే సరిపోయేది. ఖజానా ఖాళీ చేసింది తానేనని తెలిసినవాడు మామూలుగా చేసేదే నేనూ చేశాను. అడిగినవాణ్ణి తక్కువ చేశాను.

"చూడు జుల్, ఇలియాలాంటివాడు పదేళ్ళకొకడు దొరుకుతాడు. గోల్‌కీపర్లు ఎక్కడైనా దొరుకుతారు."

జుల్ నా మొహం చూశాడు. కోపం లేదు. ఏదో లెక్క సరిచూసుకున్నట్టు తలాడించి, "ఓకే అంకుల్" అన్నాడు. ఆ సీజన్ అయిపోగానే వెళ్ళిపోయాడు. జురాంగ్ ఐలాండ్‌లో ఒక ప్లాంటులో సేఫ్టీ విభాగంలో చేరాడని తర్వాత తెలిసింది. అతని వెనకే ఇద్దరు డిఫెండర్లు కూడా వెళ్ళిపోయారు. వాళ్ళు నన్ను అడగనైనా అడగలేదు. జుల్‌కి ఏం చెప్పానో వాళ్ళకి తెలుసు.

గోల్‌కీపర్లు నిజంగానే ఎక్కడైనా దొరికారు. ఆ ఏడాది ముగ్గుర్ని మార్చాం. రెండు గోల్స్ కొట్టి నాలుగు ఇచ్చుకోవడం మాకు అలవాటైపోయింది. వెనకనుంచి బంతి రావడం లేదని ఇలియా తానే వెనక్కి వెళ్ళి తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. తెచ్చుకుని తల ఎత్తితే, దాన్ని అందుకుని ముందుకి వేయాల్సిన చోట తానే లేడు కదా! ఆరు వారాల్లో అలిసిపోయాడు. స్టాండ్‌లో ప్రతిసారీ ఒకే చోట కూర్చునే ఒక ముసలాయన, రెండేళ్ళు ఇలియా పేరుతో పాటలు పాడినవాడు, "అంత జీతం తీసుకుని నడుస్తున్నావేం?" అని అరిచాడు. ఇలియా ఎప్పుడూ నడిచేవాడే. పాత జీతంలో ఆ నడకని తెలివి అన్నారు. కొత్త జీతంలో బద్ధకం అన్నారు.

స్టారుకి మితిమీరి ఇస్తే మిగతావాళ్ళకి అన్యాయం అని అందరూ అంటారు. స్టారుకి కూడా అన్యాయమేనని ఆ అరుపు విన్నాకే నాకు అర్థమైంది. మేమతనికి ఇచ్చింది పదకొండుమంది జీతం. దాంతో జనం పదకొండుమంది ఆట అడిగారు.

తగ్గించమన్నవాడు

ఒక మధ్యాహ్నం ఇలియా నా గదికి వచ్చి తలుపు వేశాడు. మళ్ళీ పెంపు అడగడానికే వచ్చాడనుకున్నాను.

"నా జీతం తగ్గించండి" అన్నాడు.

నా సర్వీసులో ఆ మాట అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. చెవులు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదోనని మళ్ళీ అడిగాను.

"తగ్గించి జుల్‌ని తీసుకురండి. ఇంత డబ్బిచ్చారు, బాగానే ఉంది. నేను బంతి ఎవరి దగ్గర తీసుకోను? ఎవరికి వేయను?"

"నీకేం కావాలి?" అని అడిగాను. ఎప్పుడో అడగాల్సిన ప్రశ్న ఇన్నేళ్ళకి అడిగాను.

"నాకు ముప్ఫై ఒకటి. కుడి మోకాలు వర్షం వచ్చే ముందు నాకు చెబుతుంది. మా అమ్మాయి ఇక్కడ బడికి వెళ్తోంది. నాతో ఇంగ్లిష్‌లో మాట్లాడి చివర లా అంటుంది. వేరాకి ఈ ఊరు వదలడం ఇష్టం లేదు. నాకు ఎక్కువ డబ్బు వద్దు మిస్టర్ నాయుడు. ఎక్కువ ఏళ్ళు కావాలి."

నేను ఎగిరి గంతేసినంత పని చేసి మిస్టర్ ఓంగ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒప్పుకోలేదు.

"జీతం తగ్గించామని తెలిస్తే ఏమనుకుంటారు? ఓంగ్ దగ్గర డబ్బైపోయింది అంటారు. నా ఓడల కస్టమర్లు కూడా పేపర్ చదువుతారు నాయుడూ. కెనాట్ లా."

రెండు రోజులు బుర్ర గోక్కున్నాను. మూడోరోజు ఒక కాగితం పట్టుకెళ్ళాను. ఇలియాకి ఆరేళ్ళ పొడిగింపు. మొదటి మూడేళ్ళు ఆటగాడిగా, ఇప్పుడిచ్చేదానిలో మూడింట రెండొంతుల జీతం. తర్వాతి మూడేళ్ళు పిల్లల కోచ్‌గా, ఇంకా తక్కువ జీతం. ఆరేళ్ళవీ కలిపితే మాత్రం మా క్లబ్బు చరిత్రలో అంత పెద్ద అంకె ఎవరూ చూసి ఉండరు.

మిస్టర్ ఓంగ్ కళ్ళజోడు పెట్టుకుని కింది అంకె చూశాడు. తర్వాత పైవి చూశాడు. మళ్ళీ కిందిది చూశాడు.

"ఏడాదికి తగ్గిందా?"

"తగ్గింది."

"మొత్తం పెరిగిందా?"

"చాలా పెరిగింది."

"పేపర్ వాళ్ళకి ఏది చెబుతాం?"

"మొత్తం చెబుతాం సార్. అబద్ధం కాదు కదా."

ఆయన బల్లమీద కొట్టి మరీ నవ్వాడు. మర్నాడు విలేకరుల ముందు ఇలియా భుజంమీద చేయి వేసి, "క్లబ్బు చరిత్రలోనే అతి పెద్ద కాంట్రాక్టు" అని ప్రకటించాడు. ఇలియా తల వంచుకుని నిలబడ్డాడు. వినయం అని రాశారు. నవ్వు ఆపుకుంటున్నాడని నాకు తెలుసు. నేను రాసినవాటిలోకెల్లా పెద్ద కాంట్రాక్టు నిజానికి ఒక జీతం కోత.

అందుకే అమెరికా నుంచి అలాంటి వార్త వచ్చినప్పుడు నేను మొదట చూసేది పెద్ద అంకె కాదు. ఎన్నేళ్ళకి? అందులో ఎంత ఖాయం? ఏ ఏడాది ఎంత చేతికొస్తుంది? పెద్ద అంకె చాలాసార్లు ఆటగాడి కోసం కాదు, ఛైర్మన్ కోసం రాస్తారు.

అయిదు బంతులు

మిగిలిన డబ్బుతో జుల్‌ని వెనక్కి తేవాలి. జురాంగ్ ఐలాండ్ అంతా రసాయన కర్మాగారాల దీవి, లోపలికి పాస్ లేకుండా వెళ్ళనివ్వరు. అందుకని అతని షిఫ్టు అయ్యే వేళకి చెక్‌పోస్టు ఇవతల బస్టాపులో ఎండలో నిలబడ్డాను. బస్సు దిగిన జుల్ నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"ఎక్కడా దొరకలేదా అంకుల్?" అన్నాడు.

క్షమించమన్నాను. ఆ మాట సులువుగా రాలేదు. ముందు ఎండ గురించి, బస్సుల గురించి మాట్లాడి, అప్పుడన్నాను. జీతం ఎంతో చెప్పాను. అతను అప్పట్లో అడిగినదానికన్నా ఎక్కువే.

"జీతం ఓకే. ఇంకొకటుంది. ఒక్కరోజు ప్రాక్టీసులో మీరు గోల్‌లో నిలబడాలి. ఇలియా పది బంతులు కొడతాడు. ఎక్కడైనా దొరుకుతారు కదా, మీరు కూడా దొరికారు."

నాకప్పుడు యాభై నాలుగేళ్ళు. పొట్ట కూడా ఉంది. ఒప్పుకున్నాను.

జట్టంతా గీత బయట కూర్చుంది. ఎవరో ఫోన్‌లో వీడియో తీస్తున్నారు. చేతికి తొడుక్కున్న గ్లౌజులు జుల్‌వే. గోల్ ముందు నిలబడితే ముందు తెలిసే విషయం, అది ఎంత వెడల్పో. టీవీలో గుమ్మంలా కనిపిస్తుంది. అక్కడ నిలబడితే కల్యాణమండపం. మొదటి బంతి నా ఎడమనుంచి పోయింది. చప్పుడు విన్నాక తిరిగాను. రెండోది కుడినుంచి. మూడోదానికి ముందే దూకాను, అది తాపీగా మధ్యనుంచి పోయింది. నాలుగోది ఎటు పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. అయిదోది నా పొట్టకి తగిలి బయటికి పోయింది. జట్టంతా లేచి కేకలు పెట్టింది. అందరికన్నా గట్టిగా అరిచింది జుల్. ఆరోది కొట్టడానికి ఇలియా వెనక్కి నడుస్తుండగా పిడుగుల హెచ్చరిక సైరన్ మోగింది. అందరూ మైదానం వదిలి షెడ్డులోకి పరిగెత్తారు. ఈ దేశంలో మబ్బులమీద నాకున్నంత కృతజ్ఞత ఇంకెవరికీ ఉండదు.

షెడ్డులో జుల్ నా పక్కన కూర్చుని గ్లౌజులు విప్పడానికి సాయం చేశాడు. "నొప్పిగా ఉందా అంకుల్?" అన్నాడు. ఉందన్నాను. "నాకూ అప్పుడుండింది" అన్నాడు. అంతే. ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

కప్పు రాలేదు

ఇలాంటి కథల్లో చివర కప్పు రావాలి. మాకు రాలేదు. ఆ సీజన్‌లో నాలుగో చోట ఆగాం, తర్వాతి ఏడాది మూడో చోట. అయితే జుల్ చేతిలోంచి బంతి ఇలియా కాలికి, అక్కడినుంచి అవతలి అంచుకి వెళ్ళడం మళ్ళీ చూశాను. స్టాండ్‌లో ఆ ముసలాయన పాత పాట మళ్ళీ అందుకున్నాడు. రెండేళ్ళ తర్వాత ఇలియా మోకాలు పూర్తిగా మొండికేసింది. మూడో ఏడాది దాదాపు మొత్తం బెంచీమీదే కూర్చున్నాడు. ఆ ఏడాది జీతం దండగే. ఒప్పుకుంటాను. ఆరేళ్ళ కాంట్రాక్టు రాసినవాడు అలాంటి ఒక ఏడాదిని కూడా కొనుక్కున్నట్టే. తర్వాత పిల్లల కోచ్ అయ్యాడు. ఇప్పటికీ అదే పని చేస్తున్నాడు. పిల్లల్ని పరుగెత్తవద్దని కేకలేసే కోచ్ ఈ ఊళ్ళో అతనొక్కడే అయి ఉంటాడు.

ఇదంతా చూసి నేను మహా తెలివైనవాణ్ణయిపోయానని అనుకోకండి. ఆ తర్వాత ఇంకో స్ట్రైకర్ న్యాయంగా పెంపు అడిగితే, ఇలియా పాఠం గుర్తుచేసుకుని, బిగుసుకుని కూర్చున్నాను. అతను రేమండ్ క్లబ్బుకి వెళ్ళి మామీద రెండు గోల్స్ కొట్టాడు. రెండోది కొట్టాక స్టాండ్‌లో నన్ను వెతికి మరీ చేయి ఊపాడు. పాఠం నేర్చుకున్నవాడు దాన్ని అన్ని చోట్లా వాడాలనుకోవడం ఇంకో జబ్బు.

కాబట్టి సింధూజా, నీ ప్రశ్నకి నా జవాబు ఇది. ఆట తన చుట్టూ తిప్పగలవాడికి అందరికన్నా ఎక్కువ ఇవ్వాలి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. అలాంటివాణ్ణి పోగొట్టుకుని పొదుపు చేశామని మురిసిన క్లబ్బుల్ని కూడా చూశాను. కానీ సంతకానికి ముందు గదిలో ఎవరు భయపడుతున్నారో చూడు. అది నువ్వే అయితే బయటికెళ్ళి ఒక కోపీ తాగి రా. పోయిన ఏడాది ఆటకి వచ్చే ఏడాది జీతం ఇవ్వకు. కృతజ్ఞత చూపించాలంటే భోజనానికి పిలువు. అన్నిటికన్నా ముందు, అతను బంతి వేస్తే అందుకునేవాడికి, అతనికి బంతి అందించేవాడికి ఎంత మిగులుతుందో రాసుకుని, అప్పుడు అతని అంకె రాయి. చాలామంది ఈ వరుస తిరగేస్తారు. నేనూ తిరగేశాను.

నా కాంట్రాక్టు

నేను రిటైరయ్యే ముందు మిస్టర్ ఓంగ్ నన్ను పిలిచాడు. ఆయనకీ ఎనభై దగ్గరపడ్డాయి. "నాయుడూ, ఇంకో ఏడాది ఉండు. నువ్వు లేకుండా ఎలా లా?" అన్నాడు.

ఆ ఒక్క మాటకి నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను. ఇంటికి నడుస్తూ ఉంటే నేను లేని క్లబ్బు కళ్ళముందు కనిపించింది. పాపం, కూలిపోతోంది. మర్నాడు వెళ్ళి, ఏడాది కాదు రెండేళ్ళు కావాలన్నాను. జీతం పెంచమన్నాను. శుక్రవారాలు ఇంటినుంచి పనిచేస్తానన్నాను. చివరగా, వేరేవాళ్ళు కూడా నన్ను అడుగుతున్నారని ఒక మాట వదిలాను. ఎవరూ అడగలేదు.

ఆయన ఆలోచించి చెబుతానన్నాడు. వారం తర్వాత నాకు మంచి చేపల భోజనం పెట్టించి, భుజం తట్టి, "నిన్ను కష్టపెట్టడం నాకిష్టం లేదు నాయుడూ. విశ్రాంతి తీసుకో" అన్నాడు. నెల తిరక్కముందే సింధూజని తీసుకున్నారు. క్లబ్బు నిక్షేపంగా ఉంది. కిందటి సీజన్‌లో రెండో చోట నిలిచింది కూడా.

ఆ రోజు ఇంటికొచ్చి సరోజకి జరిగిందంతా చెప్పాను. ఇన్నేళ్ళ సేవకి ఇదా బహుమానం అని కాసేపు ఆవేశపడ్డాను. ఆమె బీన్స్ తుంచుతూ అంతా వింది.

"ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. ఆయన కుర్చీలో మీరే ఉంటే, మీరడిగింది మీకు ఇచ్చీవోరేటండీ?"

"ఇవ్వను" అన్నాను.

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నా సర్వీసు మొత్తంలో అంత త్వరగా తేల్చిన కాంట్రాక్టు అదొక్కటే.